పిక్ లైన్ ఇన్ఫెక్షన్ రాకుండా మీరేం చేస్తున్నారు?

గాజువాక కుర్రాడు:
అమ్మకి కీమో నడుస్తోంది, చేతికి పిక్ లైన్ ఉంది, అదే, చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నటి మందుల గొట్టం. మొన్న సెలైన్ తోసి లైన్ ఫ్లష్ చేసిన అరగంటకే వణుకు పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు, జ్వరం 102. లైన్‌లో ఇన్ఫెక్షన్ అని తీసేశారు. కీమో వెనక్కి పోయింది. వచ్చే వారం కొత్త లైన్. ఈసారి ఏం చూసుకోవాలి?

నైట్ డ్యూటీ సిస్టర్:
ఫ్లష్ తర్వాత వణుకొస్తే ముందు లైన్‌నే అనుమానిస్తాం. అందరూ డ్రెస్సింగ్ చూస్తారు గానీ, క్రిములు దూరేది ఎక్కువగా సిరంజి తగిలించే మూత దగ్గర. ప్రతిసారీ స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. నోటితో ఊదకూడదు! 10 ఎం.ఎల్. సిరంజితో ఆపి ఆపి తోయాలి. పారదర్శక డ్రెస్సింగ్ 7 రోజులకి, గాజుగుడ్డ అయితే 2 రోజులకి మార్చాలి. తడిసినా, అంచు లేచినా అదే రోజు.

ఎంవీపీ కాలనీ అక్క:
మన వైజాగ్ ఉక్కకి ఏడు రోజులు నిలిస్తే గొప్పే. మే నెలలో మా ఆయనకి నాలుగో రోజుకే చెమటకి అంచులు లేచిపోయేవి. పైన ఇంకో టేపు అంటించి నెట్టుకొచ్చేదాన్ని. సిస్టర్ చూసి గట్టిగా తిట్టింది, లోపల చెమ్మ అలాగే ఉండిపోయిందట.

గాజువాక కుర్రాడు:
మాకు ఒకావిడ ఫోన్ మాట్లాడుతూనే వచ్చి, అదే చేత్తో మూత పట్టుకుంది. అడగడానికి నోరు రాలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:
అడగండి. రాత్రిళ్లు ఒక్కరమే అన్ని మంచాలూ తిరుగుతుంటాం, మేమూ మర్చిపోతాం. మాటనడం మొహమాటమైతే శానిటైజర్ సీసా ముందుకి జరపండి, అర్థమవుతుంది.

శ్రీకాకుళం నుంచి:
మేం అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రికి వస్తాం. నాన్నకి కీమో పోర్టు, అంటే మందెక్కించడానికి పెట్టే చిన్న డబ్బీ లాంటిది. చర్మం కిందే ఉంటుంది కాబట్టి సూది లేని రోజుల్లో స్నానానికి ఇబ్బంది లేదు. రాత్రి జ్వరమొస్తేనే భయం, అంత దూరం రావాలి కదా.

నైట్ డ్యూటీ సిస్టర్:
100.4 వచ్చిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దండి. ముందు మీ ఆస్పత్రికి ఫోన్ చేసి, దగ్గర్లో ఎమర్జెన్సీ ఏది ఉంటే అక్కడికి వెళ్లండి. కీమో అయ్యాక ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చీము పట్టకపోవచ్చు, ఎర్రబడకపోవచ్చు. పైకి శుభ్రంగా ఉందని మోసపోవద్దు.

గాజువాక కుర్రాడు:
ఇన్నాళ్లూ నుదుటి మీద చెయ్యి పెట్టే చూశాం సిస్టర్. ఆ 102 కూడా ఆస్పత్రిలో చూసిందే. థర్మామీటర్ కొనడానికి మెడికల్ షాపుకి బయల్దేరా.