ఇంటి పనులు డబ్బిచ్చి చేయించుకుంటే నిజంగా కాలం కలిసివస్తుందా?

గడియారం:
నా వాదన సూటిగా చెబుతాను. మీ నెల జీతాన్ని పనిగంటలతో భాగించండి. వచ్చిన అంకె కన్నా తక్కువకు ఎవరైనా ఇల్లు తుడిచి, గిన్నెలు తోమి, బట్టలు ఇస్త్రీ చేసిపెడతానంటే, ఆ పని మీరే చేసుకోవడం నష్టమే. ఇంట్లో జరిగే ప్రతి పనికీ సరుకుల ధరతోపాటు అందులో పోసిన గంటల ధర కూడా ఉంటుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లోనే సిద్ధాంతీకరించారు. అయినా బాగా సంపాదించేవాళ్లు కూడా సెలవు రోజంతా చీపురు పట్టుకుని, డబ్బు మిగిల్చామని మురిసిపోతుంటారు. ఎందుకు?

పాతచీపురు:
గడియారం గారూ, భాగహారం బాగుంది. మరి ఆ గంటను కొనేదెవరు? నాది నెల జీతం. ఆదివారం ఇల్లు తుడవడం మానేస్తే మా యజమాని అదనంగా పైసా ఇవ్వడు. మీ లెక్క, కావాలనుకున్నప్పుడల్లా ఇంకో గంట పని దొరికేవారికే చెల్లుతుంది. మిగిలినవారికి అది కాగితం మీది సొమ్ము. పైగా పనివారికి ఇచ్చేది పన్ను కట్టగా మిగిలిన డబ్బులోంచి. ఉద్యోగానికి వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కూడా పనిగంటల్లో కలిపి, అప్పుడు భాగించండి. అంకె ఎంతకు దిగుతుందో చూద్దాం.

గడియారం:
దిగనివ్వండి. అమ్ముడుపోని గంటకు విలువే లేదంటే మాత్రం ఒప్పుకోను. నిద్రను ఎవరూ కొనరు, అలాగని ఊరికే వదులుకుంటామా?

నిదానం:
దీని మీద 2017లో ఒక పరిశోధన వెలువడింది. అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్ దేశాల్లో 6,000 మందికి పైగా పాల్గొన్నారు. సమయం మిగిల్చుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టేవారిలో జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించింది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదంటారేమో, చిన్న ప్రయోగం కూడా చేశారు. కెనడాలోని వాంకూవర్‌లో ఉద్యోగాలు చేసుకునే 60 మందికి ఒక వారాంతంలో 40 డాలర్లిచ్చి సమయం మిగిల్చే దేనికైనా, మరో వారాంతంలో అంతే డబ్బిచ్చి ఏదైనా వస్తువుకు ఖర్చు పెట్టమన్నారు. సమయం కొన్న రోజునే వాళ్ల మనసు ఎక్కువ హాయిగా ఉంది. అయితే అది చేతికిచ్చిన డబ్బు. సొంత జేబులోంచి నెలనెలా తీయాల్సి వస్తే ఆ హాయి ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ ప్రయోగం చెప్పదు.

తాళంచెవి:
డబ్బిస్తే పని మన నెత్తి మీద నుంచి దిగిపోతుందని అందరూ అనుకుంటున్నారు. దిగేది సగమే. మనిషిని వెతకాలి, బేరం కుదుర్చుకోవాలి, ఏది ఎక్కడుందో చెప్పాలి, వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి, సరిగా చేయకపోతే నొచ్చుకోకుండా చెప్పాలి, రాకపోతే ఫోను చేయాలి. బజారులో దొరికేదాన్ని కొనడానికీ ఇలాంటి ఖర్చులు ఉంటాయి గనుకే, ప్రతిదీ బయట కొనకుండా లోపలే చేయించుకునే సంస్థలు పుట్టాయని 1937లో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ రాశారు. ఇంటికీ అదే వర్తిస్తుంది. పావుగంట పనికి మనిషిని పెడితే అజమాయిషీకే పావుగంట పోతుంది. ఒకసారి చెబితే నెలల తరబడి అదే తీరున సాగే పనికైతే పెట్టవచ్చు.

మూడోమనిషి:
ఇంతసేపూ 'నా గంట', 'మీ గంట' అంటున్నారు. అది ఇంట్లో ఎవరి గంట? డబ్బు మిగిలిందని లెక్క చెప్పేది ఒకరు, గిన్నెలు తోమేది మరొకరు అయినప్పుడు ఈ భాగహారమంతా ఎందుకు? భర్త జీతంతో భాగిస్తారు, భార్య నడుముతో తీరుస్తారు. అన్ని ఇళ్లూ అలా లేవంటారు, తెలుసు. కానీ పనిమనిషి దండగ అని తీర్మానించేవారు ముందు ఒక నెల ఆ పని తామే చేసి, ఆ తర్వాత తీర్మానించాలి. మార్గరెట్ రీడ్ అనే ఆర్థికవేత్త 1934లో ఒక కొలత ఇచ్చారు: డబ్బిచ్చి మూడో మనిషితో చేయించగలిగినదైతే అది ఉత్పత్తి, అంటే పని. మీ బదులు ఇంకొకరు భోంచేయలేరు, వంట మాత్రం చేయగలరు. ఆ కొలతతో చూస్తే ఇంట్లో జీతం లేకుండా జరిగేదెంతో తెలుస్తుంది. దేశ జాతీయోత్పత్తి లెక్కల్లో ఇప్పటికీ దానికి చోటు లేదు. అదే పని పొరుగింట్లో కూలికి చేస్తే లెక్కలోకి ఎక్కుతుంది.

పాతచీపురు:
మా ఇంట్లో చీపురు నాదేనండీ, పేరు చూడండి. అయినా మీ ప్రశ్న నిలుస్తుంది.

రెండుచేతులు:
నేను నాలుగిళ్లలో పని చేస్తాను. మీరు కొంటున్న గంట గాలిలోంచి రాదు, అది నా గంట. మీ ఇల్లు తుడిచే వేళకు మా ఇల్లు తుడిచే మనిషి ఉండదు. పని ఇవ్వవద్దని అనడం లేదు, ఇవ్వండి, అదే నాకు బతుకు. ఇంటి పనివారికి వారానికి వరసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒడంబడిక చేసింది. మీ లెక్కలో ఆ రోజుకు కూలి వేశారా? నేను జ్వరపడిన రోజుకు? మీరు ఊరెళ్లి తాళం వేసిన రోజులకు?

గడియారం:
అవన్నీ కలిపితే చాలామందికి గిట్టదు.

రెండుచేతులు:
గిట్టకపోతే మీరే తుడుచుకోండి, తప్పేముంది? నా గంట చవక గనుకే మీ గంట ఖరీదుగా కనబడుతోందని మాత్రం గుర్తుంచుకోండి.

తాళంచెవి:
గడియారం గారూ, సెలవులు, జ్వరాలు అన్నీ వేసి ఆ భాగహారం మళ్లీ చేసి ఇక్కడ పెట్టండి. మీరు మిగుల్చుకున్న గంటలో ఏం చేస్తున్నారో కూడా రాయండి. ఫోను చూడటమైతే ఏ ధర కడతారో తెలుసుకోవాలని ఉంది.