రొయ్యల చెరువు కాపలాకి తుపాకీ లైసెన్సు పెట్టమంటారా?

చెరువుగట్టు (రాజోలు దగ్గర):
అందరికీ నమస్కారమండి. మాది నాలుగెకరాల రొయ్యల చెరువు. పోయిన నెలలో రెండుసార్లు ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్లు) కేబుల్ కోసుకుపోయారు, రాగి కోసం. రెండోసారి తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్యంతా గట్టువారకి వచ్చేసింది. ఇంకో పది రోజుల్లో పట్టుబడి అనుకున్న సరుకు. సగం చచ్చింది, మిగతాది అడిగిన రేటుకి ఇచ్చేశాను. కంప్లయింట్ ఇస్తే రసీదు వచ్చింది గానీ దొంగ దొరకలేదు. మా బావమరిది ఒకటే పోరు: "తుపాకీ లైసెన్సు పెట్టు బావా, నీ దగ్గర ఉందని ఊళ్లో తెలిస్తే చాలు, ఎవడూ గట్టెక్కడు" అని. తుపాకీలున్న చోట దొంగతనాలు తక్కువని అమెరికాలో లెక్కలు తేల్చారంటాడు. నిజమేనా?

డాలస్ కోనసీమ:
మీ బావమరిదిగారి మాట కొట్టిపారేసేది కాదు. మా అన్నయ్యకి ఇక్కడ గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి పదకొండు దాటాక ఆ కౌంటర్ వెనక ఒంటరిగా నిలబడితే తెలుస్తుంది. పోలీసులొచ్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. హెచ్1 వీసా మీద ఉన్నన్నాళ్లూ, వేట లైసెన్సులాంటి మినహాయింపులు తప్ప, మనకి తుపాకీ కొనే వీల్లేదు. సిటిజన్‌షిప్ వచ్చాకే నేను కొన్నాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు లేనివాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. లెక్కలంటారా, 1995లో క్లెక్, గెర్ట్జ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు సర్వే చేసి, అమెరికాలో ఏడాదికి సుమారు 25 లక్షల సార్లు జనం తుపాకీతో తమని తాము కాపాడుకుంటున్నారని తేల్చారు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్, అమలాపురం):
బాబూ డాలస్, ఆ 25 లక్షలు ఎలా పుట్టాయో కూడా చెప్పాలి కదా. ఫోన్లో అడిగింది సుమారు 5,000 మందిని. అవునన్నవాళ్లు నూటికి ఒకరు, ఆ పైన కొంచెం. దాన్ని దేశంలో పెద్దవాళ్లందరికీ హెచ్చవేశారు.

మన అమలాపురంలోనే 5,000 మందికి ఫోన్ చేసి "ఈ ఏడాది మీ ఇంట్లోకి తాచుపాము వచ్చిందా, మీరు తరిమారా?" అని అడగండి. జెర్రిపోతుని తాచన్నవాడు, మూడేళ్ల కిందటి పాముని ఈ ఏడాదిలో కలిపేసినవాడు, ఊరికే గొప్పకి చెప్పేవాడు కలిపి నూటికి ఒక్కడుండడా? నిజంగా తరిమినవాళ్లు పదిమందే అయినా, వీళ్ల 50 మందీ కలిసి లెక్కని ఆరింతలు చేసేస్తారు. పైగా తరిమి కూడా లేదన్నవాళ్లు ఎంతమందున్నా ఆ పదిమందిలోంచే పోవాలి, కాబట్టి తప్పు ఎప్పుడూ పైకే పోతుంది. అమెరికా ప్రభుత్వం ఏటా చేసే బాధితుల సర్వేలో ముందు "నీ మీద నేరం జరిగిందా" అని అడుగుతారు, తర్వాతే మిగతావి. అందులో ఇదే లెక్క లక్షకి అటూ ఇటూగా తేలుతుంది. 25 లక్షలెక్కడ, లక్షెక్కడ.

గోస్తనీ కాలువ:
ఇంత లెక్కలెందుకు మాస్టారూ. 2016 చివరికి దేశంలో ఉన్న 33.69 లక్షల లైసెన్సుల్లో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. అక్కడ దొంగలు లేరా?

లెక్కల మాస్టారు:
ఇది ఇంకా పేలవమైన లెక్క నాయనా. నా వైపు మాట్లాడినా ఒప్పుకోను.

డాలస్ కోనసీమ:
సరే మాస్టారూ, మీవాళ్ల లెక్కలూ చూద్దాం. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు అని 1993లో కెల్లర్‌మన్ రాసింది ఇప్పటికీ తిప్పుతున్నారు. ఏటిగట్టు బలహీనంగా ఉన్న చోటే కదా ఇసుక బస్తాలు వేస్తారు. బస్తాలున్న చోటే ఎక్కువ గండ్లు పడ్డాయని, బస్తాల వల్లే గట్టు తెగిందంటామా? భయం ఉన్న పేటలోనే తుపాకీ కొంటారు.

లెక్కల మాస్టారు:
శభాష్. 86 వరదలో బస్తాలు మోసినవాణ్ణి, ఆ పోలిక కాదనలేను. ఆ లెక్కకున్న లోపమే అది. అందుకే తర్వాత కాలిఫోర్నియాలో వేరే దారిలో చూశారు. పిస్టల్ కొన్నవాణ్ణి కాకుండా, తమకంటూ తుపాకీ లేక అలాంటివాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లని తీసుకుని, అదే పేటలో తుపాకీ లేని ఇళ్లవాళ్లతో పోల్చారు. లక్షల మందిని ఏళ్ల తరబడి చూసి 2022లో అచ్చేశారు. హత్యకి గురైనవాళ్లు తుపాకీ ఉన్న ఇళ్లలో రెట్టింపు కంటే ఎక్కువ. ఇంట్లో భర్తో, తోడున్నవాడో కాల్చి చంపినవాటిలో తేడా మరీ ఎక్కువ, పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బయటి దొంగ చేతిలో చావు తగ్గిన జాడ మాత్రం కనపడలేదు.

ఇంకోటి. 2021లో అమెరికాలో తుపాకీకి పోయినవాళ్లు 48,830 మంది. అందులో సగానికి పైగా ఎవరో కాల్చినవాళ్లు కాదు, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. ఇది మన డెల్టావాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పురుగుమందు డబ్బా చేతికి అందే చోట ఉండటం, లేకపోవడం మధ్య తేడా ప్రతి ఊళ్లో తెలుసు. శ్రీలంకలో బాగా విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటీ ఆపేస్తూ పోతే 1995 నుంచి 2005 లోపు ఆత్మహత్యల రేటు సగానికి వచ్చింది. కష్టాలు సగమై కాదు.

మండపేట మనవడు:
మా తాతగారికి డబుల్ బ్యారెల్ ఉండేది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా గోనెసంచిలో చుట్టి సైకిల్ మీద స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పగించి, ఫలితాలొచ్చాక తెచ్చుకునేవారు. ఇన్నేళ్లలో అది పేలింది కోతుల్ని బెదిరించడానికే. దొంగ మా ఇంటికి రాలేదు. తుపాకీ చూసి రాలేదో, మా ఇంట్లో ఏముందిలే అని రాలేదో నాకు తెలీదు.

కానీ ఒక రాత్రి మా తాతగారికీ ఆయన తమ్ముడికీ గట్టు తగాదా వచ్చింది. జానెడు గట్టు. చిన్నతాత తిన్నగా లోపలికెళ్లి తుపాకీ దించారు. తూటాల డబ్బా ఖాళీ. సాయంత్రం మాటలు పెరుగుతున్నప్పుడే మా నాయనమ్మ అవన్నీ కొంగులో పోసుకెళ్లి గాదెలో ధాన్యం అడుగున పూడ్చేసింది. తర్వాత వాటిలో రెండు దొరకనే లేదు. ధాన్యం మరకి తోలిన రోజంతా ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం.

కోర్టు మెట్లు (భీమవరం):
చట్టం సంగతి. దరఖాస్తు కలెక్టరుగారికి, పోలీసు విచారణ తప్పనిసరి, శిక్షణ సర్టిఫికెట్ కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, మనిషికి రెండు తుపాకీలే. అయితే చెరువుగట్టుగారూ, లైసెన్సు రావడం వేరు, కాల్చడం వేరు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చినది) 41వ సెక్షన్ ప్రకారం ఆస్తి కోసం ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం, నివాసానికి నిప్పు పెట్టడం లాంటివాటికే. ఉత్త దొంగతనమైతే మీకు చావో, తీవ్రమైన గాయమో తప్పదన్న సహేతుకమైన భయం ఉండాలి. కేబుల్ కోసుకుని పారిపోతున్నవాణ్ణి వీపు మీద కాలిస్తే కోర్టు మెట్లెక్కేది మీరే.

మన్యం వీరుడి అభిమాని:
1922 ఆగస్టులో అల్లూరి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకీల కోసమే కదా! మన చేతుల్లో ఆయుధం ఉండకూడదని 1878లో చట్టం తెచ్చింది తెల్లవాళ్లు.

కోర్టు మెట్లు:
ఆ చట్టం పోయి 1959లో మనది వచ్చింది. అయినా కేబుల్ దొంగ దగ్గరికి అల్లూరిని లాక్కొస్తారేంటండీ.

డాలస్ కోనసీమ:
నా పిస్టల్ నేను అమ్మను, ముందే చెప్తున్నా. లాకర్ తాళం మాత్రం మా ఆవిడ దగ్గరుంటుంది. నాయనమ్మగారి కథ చదివాక చెప్పాలనిపించింది. చెరువుగట్టుగారూ, ఒక్క మాట అడుగుతాను. దొంగలొచ్చినప్పుడు మీరెక్కడున్నారు?

చెరువుగట్టు:
మొదటిసారి మా చెల్లెలి ఇంట్లో పెళ్లి. రెండోసారి చెరువు దగ్గర పాకలోనే ఉన్నానండి. కరెంటు రెండుసార్లు పోయింది, డీజిల్ ఇంజను పెట్టి పెట్టి మూడింటికి ఒళ్లు తెలీకుండా పడుకున్నాను. తల పక్కన తుపాకీ ఉన్నా నిద్రలోనే ఉండేవాణ్ణి. ఇది మా బావమరిదికి చెప్పలేదు.

గోస్తనీ కాలువ:
రాగి తీసేసి అల్యూమినియం కేబుల్ వేయండి గురువుగారూ, కొంచెం లావుది. మావైపు అందరూ అదే వేశారు. ఏరియేటర్లు ఎన్ని, ఒక్కోటి ఎంత హెచ్‌పీ?

చెరువుగట్టు:
పన్నెండండి. రెండు హెచ్‌పీలవి. ఎంతవుతుందంటారు మీటరుకి?