19 వోల్టుల లైన్ షార్ట్: మూడు ఫేజ్‌లల్ల ఏ మాస్‌ఫెట్ పోయిందో ఎట్ల పట్టాలె?

నల్లగొండ నుంచి అడుగుతున్న. బోర్డు లెవల్ పని చేసేటోళ్లు జర చెప్పుర్రి.

15.6 అంగుళాల లాప్‌టాప్, 65 వాట్ల అడాప్టర్. పవర్ అస్సలు లేదు. బ్యాటరీ తీసి చూసినా అంతే. అడాప్టర్ దిక్కు మొదటి మాస్‌ఫెట్ (స్విచ్చి లెక్క పనిచేసే చిన్న పార్టు) దాకా 19.2 వోల్టులు వస్తున్నయి, రెండోది దాటినంక సున్నా. ఆ లైన్ నుంచి గ్రౌండ్‌కు 3.8 ఓమ్‌లు. సీపీయూ (ప్రాసెసర్)కు కరెంటు ఇచ్చే కాయిల్ నుంచి గ్రౌండ్‌కు 3.7, లైన్ నుంచి కాయిల్‌కు 0.1 మాత్రమే. అంటే హై సైడ్ మాస్‌ఫెట్ (19 వోల్టుల లైన్‌ను కాయిల్‌కు కలిపేది) డ్రెయిన్-సోర్స్ (కరెంటు పారే రెండు కాళ్లు) షార్ట్ అయినట్టే.

బయటి సప్లై నుంచి ఆ లైన్‌కు 1 వోల్టు ఇచ్చి, వేడెక్కిన చోట తొందరగ ఆరుతదని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసిన. పావు ఆంపియర్ పారింది, ఏదీ వేడెక్కలేదు. వోల్టేజీ పెంచితే అది సక్కగ ప్రాసెసర్‌కే పోతది, అందుకే ఆపిన.

సీపీయూకు కరెంటు ఇచ్చే మూడు ఫేజ్‌ల (మాస్‌ఫెట్‌లు, కాయిల్ కలిసిన ఒక్కో సెట్టు) హై సైడ్ డ్రెయిన్‌లు ఒకే లైన్‌కు, కాయిల్‌లు అవతల ఒకే దిక్కు కలిసి ఉన్నయి. మీటర్‌కు మూడూ ఒక్కతీరే కనిపిస్తున్నయి. గేట్ (ఆన్-ఆఫ్ చేసే కాలు)-సోర్స్ మూడింటికీ మంచిగనే ఉంది. కాయిల్ లేపుదామంటే ప్రీహీటర్ (బోర్డును కింది నుంచి వేడి చేసేది) లేదు. హాట్ ఎయిర్ 380 డిగ్రీలు పెట్టినా బోర్డు రాగి వేడిని గుంజుకుంటున్నది.

సప్లై ప్లస్ 19 వోల్టుల లైన్ మీద, మైనస్ గ్రౌండ్‌కు కాకుండ కాయిల్ మీద పెట్టి, 1 వోల్టు, 3 ఆంపియర్ల లిమిట్‌తో ఇస్తే పోయిన మాస్‌ఫెట్ ఒక్కటే వేడెక్కాలె కదా? ప్రాసెసర్‌కు ఏమన్న ప్రమాదమా? మార్చేటప్పుడు లో సైడ్‌ది (కాయిల్‌ను గ్రౌండ్‌కు కలిపే మాస్‌ఫెట్), డ్రైవర్ ఐసీ (మాస్‌ఫెట్‌లను ఆన్-ఆఫ్ చేసే చిప్) కూడ మార్చాల్నా? కోఠి గుజరాతీ గల్లీకి ఒక్కసారే పోయి అన్నీ తెచ్చుకుంట.