‘పాన్ యామ్’ సీరియల్ ఎయిర్ హోస్టెస్‌లకు గౌరవం ఇచ్చిందా, వాళ్ళ కష్టానికి మేకప్ వేసిందా?

కిటికీ సీటు:
2011లో అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన ‘పాన్ యామ్’ సీరియల్ ఈ మధ్యే పూర్తిగా చూశాను. 14 ఎపిసోడ్లతో ఆపేశారు. కథాకాలం 1963. పాన్ యామ్ అనే అమెరికన్ ఎయిర్‌లైన్ విమానాలు ప్రపంచమంతా తిరుగుతున్న రోజులు. మ్యాగీ, కేట్, లారా, కొలెట్ అని నలుగురు ఎయిర్ హోస్టెస్‌లు. నీలి సూటు, చిన్న టోపీ, తెల్ల గ్లోవ్స్, భుజానికి బ్యాగు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

నా గొడవంతా అక్కడే. మొదటి ఎపిసోడ్‌లోనే వాళ్ళని తూకం మిషన్ ఎక్కిస్తారు. నడుము బిగించే గిర్డిల్ వేసుకున్నారా లేదా అని సూపర్‌వైజర్ తనిఖీ చేస్తుంది. అంత చూపించి, ఆ తర్వాత మ్యూజిక్ పెట్టి నలుగురినీ వరసగా నడిపిస్తారు. అద్దం వెనక నుంచి ఓ చిన్నపిల్ల వాళ్ళని కళ్ళప్పగించి చూస్తుంది. ఆ పిల్లకి తూకం మిషన్ సంగతి ఎవరు చెప్తారు? అణచివేతని శుభ్రంగా ఇస్త్రీ చేసి మనకి అమ్మారని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు రండి.

పాత రీలు:
కాదంటున్నాను. ఈ సీరియల్ నిర్మాతల్లో ఒకరైన నాన్సీ హల్ట్ గానిస్ స్వయంగా పాన్ యామ్‌లో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేశారు. ఇది మగవాళ్ళు కూర్చుని అల్లిన ఊహ మాత్రమే అనడం కుదరదు. ఆ ఉద్యోగం చేసినావిడ జ్ఞాపకాలు ఇందులో ఉన్నాయి.

1963లో అమెరికాలో చదువుకున్న అమ్మాయికి టీచరో, నర్సో, టైపిస్టో కావడమే దారి. పాన్ యామ్‌లో చేరాలంటే ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష రావాలి. చేరితే ఈ వారం పారిస్, పై వారం హాంకాంగ్. లారా తన పెళ్ళిపీటల మీంచి పారిపోయి వచ్చి ఈ ఉద్యోగంలో చేరుతుంది. ఆ పిల్లకి యూనిఫాం అంటే ఇంట్లోంచి బయటపడే టికెట్. తూకం మిషన్ ఒక్కటే చూసి ఆ టికెట్ చింపేస్తారా?

చాయ్ బిస్కట్:
రాజకీయాలు పక్కన పెట్టండి బ్రో. ఇప్పటి ఫ్లైట్లలో ఆ అందం ఎక్కడుంది? పాత యూనిఫాం మళ్ళీ తేవాలి.

సూదీదారం:
@చాయ్ బిస్కట్ తమ్ముడూ, ఆ స్కర్టు నువ్వోసారి వేసుకుని, కింద అరలో ఉన్న ట్రే తియ్యి. అప్పుడు మాట్లాడుకుందాం.

నేను బట్టలు కుట్టే మనిషిని కాబట్టి కుట్టుపని సంగతే చెప్తాను. ఆ నీలి సూటు డాన్ లోపర్ అనే డిజైనర్ 1959లో పాన్ యామ్ కోసం చేసింది. మోకాలు దాటే ఇరుకు స్కర్టు, ఒంటికి అతికినట్టుండే జాకెట్టు. నిలబడితే బొమ్మలా ఉంటుంది. కానీ ఆ పనిలో నిలబడేది ఎంతసేపు? పైన అరల్లోకి చేతులెత్తాలి, కిందికి వంగాలి. పైగా ఆ రోజుల్లో పాన్ యామ్ ఫస్ట్ క్లాస్‌లో ప్యాకెట్ భోజనం పెట్టేవారు కాదు. బండి మీద వేయించిన మాంసం తెచ్చి, ప్రయాణికుడి సీటు పక్కనే కోసి వడ్డించేవారు. కుదుపుల్లో కత్తి పట్టుకుని, హీల్స్ మీద, గిర్డిల్ బిగించుకుని ఆ పని చేయాలి.

సీరియల్‌లో హీరోయిన్లు వంగేది ఎన్నిసార్లో లెక్కేసుకోండి. నవ్వుతూ ట్రే అందిస్తారు, మాట్లాడుకుంటారు, నడుస్తారు. చంకలో చెమట మరక ఒక్కటి కనపడదు. ఇంకో ముచ్చట: 1963 నాటి విమానమంటే సిగరెట్ పొగే. ఛానల్ వాళ్ళ పాలసీ వల్ల ముఖ్య పాత్రలెవరూ సిగరెట్ ముట్టరు. ఆ పొగలో అట్లాంటిక్ దాటినవాళ్ళ కళ్ళమంట కూడా కథలోంచి ఎగిరిపోయింది. కాబట్టి నా ఓటు కిటికీ సీటు గారికే.

ఆర్టికల్ 14:
యూనిఫాం దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. ఆ బట్టల వెనక రూల్స్ చూడండి. అప్పట్లో అమెరికాలో చాలా ఎయిర్‌లైన్స్‌లో పెళ్ళయితే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోయేది. కొన్నిటిలో 32కో 35కో వయసు రాగానే దించేసేవారు. అంతకుముందు 1958లో మొహాక్ అనే చిన్న ఎయిర్‌లైన్‌లో రూత్ కరోల్ టేలర్ అమెరికాలో మొదటి నల్లజాతి ఎయిర్ హోస్టెస్‌గా ఎగిరారు. కొన్ని నెలలకే ఆమెనీ ఈ పెళ్ళి రూలే ఇంటికి పంపింది.

1964లో, ఉద్యోగాల్లో ఆడా మగా తేడా చూపకూడదనే పౌరహక్కుల చట్టం వచ్చాక కోర్టుల్లో కేసులు మొదలయ్యాయి. వాటిలో నాకు బాగా నచ్చేది ఒక మగవాడు వేసిన కేసు. క్యాబిన్‌లో పని ఇవ్వమంటే మగవాళ్ళని తీసుకోబోమని పాన్ యామ్ పంపేసింది. ప్రయాణికులకి ఆడవాళ్ళయితేనే ధైర్యం, హాయి అని కోర్టులో వాదించింది. 1971లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. విమానం పని మనుషుల్ని క్షేమంగా చేర్చడం, ఆహ్లాదం ఆ తర్వాతి సంగతి అని తేల్చింది. సీరియల్ అమ్మే గ్లామర్ మొత్తాన్ని ఆ తీర్పు ఎత్తి పక్కన పెట్టేసింది.

మనం వేలెత్తి చూపే స్థితిలో లేం లెండి. అప్పట్లో ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ 35కి రిటైర్ కావాల్సి వచ్చేది, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోయేది, మొదటిసారి గర్భం వస్తే కూడా పోయేది. అదే క్యాబిన్‌లో మగవాళ్ళకి 58 దాకా ఢోకా ఉండేది కాదు. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం రూల్‌ని కొట్టేసింది. నాలుగేళ్ళ పెళ్ళి రూల్‌ని మాత్రం సబబే అంది!

పాత రీలు:
రూల్స్ దారుణమని నేనూ ఒప్పుకుంటాను. కానీ సీరియల్ వాటిని దాచలేదు కదా. చెయ్యి వేసిన ప్యాసింజర్‌ని మ్యాగీ ఫోర్కుతో పొడుస్తుంది. ఇంకా ఒకటి. 1963 తర్వాత ఏం జరిగిందో చూడండి. 1965లో బ్రానిఫ్ ఎయిర్‌లైన్ ఫ్యాషన్ డిజైనర్ పుచీతో యూనిఫాం చేయించి, ఎయిర్ హోస్టెస్ ఒక్కో పొరా విప్పుకుంటూ వెళ్ళేట్టు యాడ్ తీసింది. 1971లో నేషనల్ ఎయిర్‌లైన్స్ విమానాలకి అమ్మాయిల పేర్లు పెట్టి, ‘నన్ను నడపండి’ అన్న అర్థం వచ్చేట్టు ప్రచారం చేసింది. వాటి పక్కన పెడితే పాన్ యామ్ నీలి సూటులో ఎంతో కొంత హుందాతనం ఉంది.

కిటికీ సీటు:
పక్కవాడు ఇంకా ఘోరం కాబట్టి మనవాడు మంచివాడు అంటే ఎలాగండి? సరే, హుందాతనమే అనుకుందాం. అది ఎవరికి దక్కింది? హోనొలులు కేంద్రంగా పాన్ యామ్ 1955 నుంచే జపాన్ మూలాలున్న అమెరికన్ అమ్మాయిల్ని చేర్చుకుంది. వాళ్ళూ అదే సూటు వేసుకుని ప్రపంచం చుట్టారు. నలుగురు హీరోయిన్లలో వాళ్ళకి ఒక్క సీటూ దొరకలేదు. కేట్‌ని సీఐఏ గూఢచారిని చెయ్యడానికి మాత్రం ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు ఖర్చుపెట్టారు.

గ్యాలీ అక్క:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నేను చాలా ఏళ్ళు ఎగిరి రిటైరైన మనిషిని, కంపెనీ పేరు వద్దు. మాది చీర.

సీరియల్‌లో గిర్డిల్ తనిఖీ చూసి మీ అందరికీ ఒళ్ళు మండింది. నాకేమీ కొత్తగా అనిపించలేదు. మాకు బ్రీఫింగ్‌కి ముందు గ్రూమింగ్ చెక్ ఉండేది. ముడిలోంచి ఒక వెంట్రుక బయటికొస్తే మాట, గోళ్ళరంగు పెచ్చు లేస్తే మాట. బరువు చూసే రోజు వస్తోందంటే తిండి మానేసే పిల్లలు నాకు తెలుసు. బరువెక్కువని ఫ్లైయింగ్ ఆపితే పోయేది పరువు మాత్రమే కాదమ్మా. మా జీతంలో పెద్ద ముక్క ఫ్లైయింగ్ అలవెన్సే. అది ఆగిందంటే ఆ నెల ఇంటి కిస్తీ ఆగినట్టే. సీరియల్‌లో మ్యాగీ, లారా ఫ్లైట్‌కి ఎంత వస్తుందని మాట్లాడుకుంటే నాకు నమ్మకం కుదిరేది.

అలాగని యూనిఫాంని తిట్టబుద్ధి కాదు. పొగో, గొడవో వచ్చినప్పుడు రెండొందల మందిలో ఎవరి మాట వినాలో ఆ బట్టలే చెప్తాయి. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో పాన్ యామ్ 73వ నంబరు విమానాన్ని హైజాక్ చేసినప్పుడు, సీనియర్ పర్సర్, అంటే క్యాబిన్ సిబ్బందికి పెద్ద, మన నీర్జా భనోత్. అమెరికన్లని ఏరి చంపుతారని తోటి క్రూతో కలిసి వాళ్ళ పాస్‌పోర్టులు దాచింది. కాల్పులు మొదలయ్యాక ప్రయాణికుల్ని బయటికి పంపుతూ ప్రాణం పోగొట్టుకుంది. 23వ పుట్టినరోజు ఇంకా రాలేదు. ఆవిడ ఒంటిమీద ఉన్నది ఆ కంపెనీ యూనిఫామే. మా ట్రైనింగ్‌లో లిప్‌స్టిక్ క్లాసు ఉండేది, ప్రమాదమొస్తే విమానం తలుపులోంచి జారే స్లైడ్ మీంచి దూకే క్లాసూ ఉండేది. హీల్స్ విప్పి, కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి దూకడం ఎంత ప్రాక్టీసు చేశామో! సీరియల్‌లో మొదటి క్లాసుకి దొరికినంత వెలుగు రెండోదానికి దొరకలేదు. నా ఫిర్యాదు అంతవరకే.

చాయ్ బిస్కట్:
అక్కా, ఒక్క మాట అడగనా. ఆ చీర మీకు నచ్చేదా, నచ్చేది కాదా?

గ్యాలీ అక్క:
నచ్చేది నాయనా. ఎయిర్‌పోర్ట్‌లో జనం దారి ఇస్తుంటే ఎవరికి నచ్చదు? తూకం మిషన్ నచ్చేది కాదు. రెండూ ఒకే ఉద్యోగంలో ఉండేవి, నన్నెవరూ ఏరుకోమని అడగలేదు.

కిటికీ సీటు:
అక్కా, మీ మాట కాదనను. కానీ సీరియల్ మీద నా కోపం తగ్గలేదు. ఆ వెలుగు ఎటు తిప్పాలో నిర్ణయించింది దాన్ని తీసినవాళ్ళే కదా.

ఆర్టికల్ 14:
రెండో సీజన్ వచ్చుంటే కథ 1964 చట్టం దాకా చేరేదేమో. కేట్ చేతికి రహస్య కవర్లు ఇచ్చిన రైటర్లు, మ్యాగీ చేతికి ఒక్క కోర్టు పిటిషన్ ఇచ్చుంటే నేను పాత రీలు గారి పక్షాన కూర్చునేవాణ్ణి.

పాత రీలు:
వచ్చి కూర్చోండి సార్, సీటు ఖాళీగానే ఉంది. మ్యాగీ సంతకం పెట్టేదనే నా నమ్మకం.