పవర్ రాగానే 96 సర్వర్లు ఒకేసారి బూట్, ముప్పాతిక మధ్యలోనే ఆగిపోతున్నాయి

ప్రశ్న:
మూడు ర్యాకుల్లో 96 సర్వర్లు. దేనికీ డిస్క్ లేదు, అన్నీ పీఎక్స్‌ఈతో నెట్‌వర్క్ నుంచే లేవాలి. శనివారం రాత్రి యూపీఎస్ పని కోసం అన్నీ ఆపాం. రాత్రి మూడు గంటలకు పవర్ ఇవ్వగానే ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఇరవై దాకా లేచాయి. మానిటర్ ట్రాలీ తోసుకుంటూ వెళ్లి చూస్తే మిగతావాటిలో కొన్నింటి మీద ఈ51 ఎర్రర్, కొన్నింటి మీద ఈ32 ఎర్రర్. ఒక్కొక్కటీ రీసెట్ చేసేసరికి తెల్లారిపోయింది. బూట్ సర్వర్ ఒకటే, లింక్ 1 జీబీపీఎస్, ఒక్కో సర్వర్‌కి వెళ్లే ఓఎస్ ఇమేజ్ 700 ఎంబీ. లింక్ పెంచితే చాలా? వచ్చే శనివారం మళ్ళీ ఇదే పని, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, అవి రెండు వేర్వేరు జబ్బులు. ఈ51 అంటే ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదని. ముందు స్విచ్ చూడు. నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ పాత సెట్టింగ్‌లోనే ఉంటే, లింక్ వచ్చాక పోర్ట్ తెరుచుకోవడానికి 30 సెకన్లు. మధ్యలో సర్వర్ నెట్‌వర్క్ కార్డు లింక్‌ని రీసెట్ చేసిందా, లెక్క మళ్ళీ మొదటికి. సర్వర్ పోర్టులకు ఆ ఆలస్యం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టు, స్విచ్‌ల మధ్య పోర్టులకు మాత్రం వద్దు.

ఈ32 బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీది. మామూలుగా అది 512 బైట్ల ముక్క పంపి, అందిందని కబురొచ్చాకే ఇంకోటి పంపుతుంది. 30 ఎంబీ ఫైల్‌కి 61 వేల పైచిలుకు ముక్కలు! అందుకే టీఎఫ్‌టీపీతో చిన్న ఐపీఎక్స్‌ఈ (హెచ్‌టీటీపీ కూడా తెలిసిన బూట్ ప్రోగ్రామ్) ఫైల్ ఒక్కటే ఇచ్చి, కెర్నల్, ఇమేజ్ హెచ్‌టీటీపీ మీద పంపు.

జవాబు 2:
లింక్ కూడా చిన్నదేనండీ. 96 సర్వర్లకు 700 ఎంబీ చొప్పున 67 జీబీ. 1 జీబీపీఎస్ మీద ఏ అడ్డూ లేకపోయినా తొమ్మిది నిమిషాలు. కానీ అంతకన్నా ముందు, కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో తీసేయండి. బూట్ సర్వర్, స్టోరేజ్ లేచాక, ఐపీఎంఐ (దూరం నుంచే సర్వర్‌ని ఆన్, ఆఫ్ చేసే సదుపాయం) స్క్రిప్ట్‌తో ఎనిమిదేసి ఆన్ చేయండి. ఇన్ని సెకన్లని గ్యాప్ పెట్టకండి. ఆ ఎనిమిదింటికీ ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) తగిలాకే తర్వాతి ఎనిమిది. ఐదు నిమిషాల్లో లేవనిదాన్ని లాగ్‌లో రాసి ముందుకెళ్లాలి, లేకపోతే పాడైన ఒక్కదాని కోసం అన్నీ ఆగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ఈ51 వచ్చినవన్నీ రెండో ర్యాక్‌వే! ఆ స్విచ్ మార్చినప్పుడు పోర్ట్‌ఫాస్ట్ పెట్టలేదు. ఇప్పుడు పెట్టి, ఐపీఎక్స్‌ఈకి మార్చి, ఎనిమిదేసి లేపాను. ఆ ర్యాక్‌లోని 32లో 31 లేచాయి. మిగిలినదానికి కేబుల్ క్లిప్ విరిగి వదులుగా ఉంది. మిగతా రెండు ర్యాకులూ శుక్రవారంలోగా మారుస్తాను.