22 వారాల గర్భం, క్యాష్ కౌంటర్ డ్యూటీ: మేనేజరుకి ఏమని రాసివ్వాలి?

కౌంటర్‌మూడు (14 జులై 2021)

ప్రైవేటు బ్యాంకు, తెలంగాణలో జిల్లా కేంద్రం బ్రాంచి, క్యాష్ కౌంటర్. ఎల్‌ఎంపీ (చివరి నెలసరి మొదటి రోజు) ఫిబ్రవరి 10, డెలివరీ తేదీ నవంబరు 17. అంటే ఇవాళ్టికి సరిగ్గా 22 వారాలు. మొదటి కాన్పు. బ్యాంకులో చేరి రెండేళ్లు దాటింది. కరోనా భయంతో వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే "బ్రాంచి పని ఇంటి నుంచి ఎలా అవుతుంది? కావాలంటే లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) పెట్టుకోండి" అంటున్నారు. కరోనా టీకా ఇంకా వేయించుకోలేదు, మొన్నటిదాకా గర్భిణులకి వద్దన్నారు కదా. చట్టప్రకారం ఇప్పుడు ఏం అడగొచ్చు? కౌంటర్లోనే కూర్చోవాల్సి వస్తే ఏం మార్చుకోవాలి? టీకా ఇప్పుడు వేయించుకోవచ్చా?

లేబర్‌కాగితం

కేంద్ర సిబ్బంది శాఖ గర్భిణులకి ఆఫీసుకి రాకుండా ఇచ్చిన మినహాయింపు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకే. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి పట్టుకెళ్తే "ఇది మనకి కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో వచ్చిన సవరణలోని వర్క్ ఫ్రమ్ హోమ్ మాట కూడా ఇప్పుడు పనికిరాదు. అది ప్రసూతి సెలవు అయిపోయాక, ఉద్యోగి, యజమాని ఇద్దరూ ఒప్పుకుంటే ఉండే వెసులుబాటు. చాలామంది ఈ రెండింటినీ పట్టుకుని అసలైన సెక్షన్లు వదిలేస్తున్నారు.

మీకు ఆసరా 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టం. అందులో సెక్షన్ 4 చూడండి. డెలివరీ తేదీకి ముందున్న ఆరు వారాలు, దానికి ముందు ఒక నెల, ఈ రోజుల్లో మీరు అడిగితే శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని, గర్భానికి ఇబ్బంది కలిగించే పని చెప్పకూడదు. మీ లెక్కలో అది సెప్టెంబరు 6 నుంచి మొదలు. తేలిక పని ఇచ్చామని జీతం కోయడానికి వీల్లేదని సెక్షన్ 13 చెబుతుంది. సెప్టెంబరు 22 నుంచి, అంటే ఎనిమిది వారాల ముందు నుంచి, సెలవు మీ హక్కు. అలా మొదలుపెడితే 26 వారాలు 2022 మార్చి 22 దాకా వస్తాయి.

ఇవాళ్టి నుంచి సెప్టెంబరు 6 దాకా ఉన్న దాదాపు ఎనిమిది వారాల్లోనే చిక్కు. ఈ సెక్షన్ల బలం అప్పటికింకా రాదు, డాక్టరు సర్టిఫికెట్ మీదే నడవాలి. అందుకే ఇంటి నుంచి పని అడక్కండి, కౌంటర్ మార్పు అడగండి. మేనేజరు చేతిలో ఉన్నదే అడిగితే కాదనడం కష్టం.

చెస్ట్‌కీ (బ్రాంచి ఆపరేషన్స్)

మేడమ్, కౌంటర్ నుంచి తీసేయమని ఊరికే అంటే "మరి ఆ పని ఎవరు చేస్తారు" అంటారు. బదులు పని పేరు మీరే రాయండి: కేవైసీ (ఖాతాదారు గుర్తింపు పత్రాల) పెండింగ్ ఫైళ్లు, ఖాతా ఫారాల పరిశీలన, నెఫ్ట్ (ఆన్‌లైన్ డబ్బు బదిలీ) ఎంట్రీలు, గోల్డ్ లోన్ రెన్యువల్ ఫోన్లు. ఇవన్నీ కస్టమర్ ఎదురుగా లేకుండా జరిగేవే, ప్రతి బ్రాంచిలోనూ పేరుకుపోయి ఉన్నవే.

ఈలోపు కౌంటర్లో ఉండాల్సి వస్తే, అందరూ నోట్లకి భయపడతారు గానీ భయపడాల్సింది గాలికి. అద్దానికి మాట వినపడే రంధ్రం సరిగ్గా నోటి ఎత్తులో ఉంటుంది. కస్టమర్ అక్కడికి వంగి, వినపడట్లేదని మాస్కు కిందికి లాగి మాట్లాడతాడు. ఆ రంధ్రాన్ని పారదర్శక షీటుతో మూసేసి, స్లిప్పు మీద రాసివ్వమనండి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. తలుపు తెరిచి పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించండి, చల్లదనం తగ్గినా సరే. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలికి ఉమ్మి తడి వద్దు. స్పాంజి డబ్బాలో నీళ్లు రోజూ మార్చండి.

సాయంత్రం స్ట్రాంగ్‌రూమ్ (డబ్బు భద్రపరిచే గది) పని మాత్రం ఖచ్చితంగా వేరేవాళ్లకి అప్పగించండి. కిటికీ లేని గది, జాయింట్ కస్టడీ (తాళాలు ఇద్దరి దగ్గర) కాబట్టి ఇంకొకరు పక్కనే ఉంటారు. పైగా పది రూపాయల బిళ్ళలు రెండు వేలున్న సంచి పదిహేను కిలోలు దాటుతుంది. తాళం చెవి చేతులు మారితే రిజిస్టర్లో సంతకాలు పడాలి. నోటిమాటగా ఇచ్చేస్తే రేపు తేడా వచ్చినప్పుడు మీ పేరే ఉంటుంది.

భోజనం అందరితో కలిసి చేయకండి. రోజంతా మాస్కులు పెట్టుకుని అరగంట డైనింగ్ టేబుల్ దగ్గర తీసి ఎదురెదురుగా కూర్చుంటే, జాగ్రత్తంతా అక్కడే పోతుంది.

గైనిక్‌ఓపీ

టీకా: జులై 2న కేంద్ర ఆరోగ్య శాఖ గర్భిణులకి అనుమతి ఇచ్చింది. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. కోవాగ్జిన్ అయితే రెండో డోసు 28 రోజులకి, కోవిషీల్డ్ అయితే 84 రోజులకి. జ్వరం వస్తే పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, ఐబుప్రొఫెన్ వద్దు. టీకా వేశాక 30 నిమిషాలు అక్కడే కూర్చోండి.

ఎన్95 పెట్టాక గట్టిగా ఊదితే కళ్లద్దాలు మసకబారకూడదు, ముక్కు పక్కల గాలి తగలకూడదు. వాల్వ్ ఉన్నది వద్దు. రెండు గంటలకోసారి మనుషులు లేని చోటికెళ్లి మాస్కు తీసి నీళ్లు, మజ్జిగ తాగండి. మూత్రానికి లేవాలని నీళ్లు మానేయడం కౌంటర్ ఉద్యోగాల్లో మామూలే గానీ, గర్భంలో యూరిన్ ఇన్ఫెక్షన్ నెలలు నిండకముందే నొప్పులు తెప్పించగలదు. గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట. రెండు కాళ్లూ సమానంగా వాయడం వేరు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెడితే రక్తం గడ్డ అయి ఉండొచ్చు, అదే రోజు చూపించాలి.

జ్వరం, దగ్గు వస్తే ఆర్టీపీసీఆర్. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరులో ఆక్సిజన్ 95 కంటే తగ్గితే ఇంట్లో ఉండకూడదు. ఇది ఆషాఢం కదమ్మా, ఒక వేలికి గోరింటాకు పెట్టకుండా వదిలేయండి. నల్లగా పండిన వేలు, నెయిల్ పాలిష్ ఉన్న వేలు రీడింగు తప్పు చూపించగలవు. ఆరోగ్య సిబ్బంది ఇంటికి తెచ్చిచ్చే జ్వరం కిట్‌లోని మందులు అలాగే మింగకండి. వాటిలో డాక్సీసైక్లిన్ ఉంటోంది, గర్భంలో అది వాడకూడదు. గర్భమని చెప్పి, ఏది తీసేయాలో డాక్టరుని అడగండి.

షుగర్ పరీక్ష 24–28 వారాల మధ్య, కరోనా భయంతో వాయిదా వేయొద్దు. బీపీ 140/90 చేరితే ఫోన్ చేయండి.

కౌంటర్‌మూడు

చాలా థాంక్సండి. సర్టిఫికెట్లో ఏం రాయించాలి? లాస్ ఆఫ్ పే పెడితే ప్రసూతి జీతం తగ్గుతుందా?

గైనిక్‌ఓపీ

"విశ్రాంతి అవసరం" అని రాస్తే సెలవు పెట్టుకోమంటారు. "ఉద్యోగానికి ఫిట్, ప్రజలతో నేరుగా వ్యవహరించే పని, బరువులు, గాలి ఆడని గదులు వద్దు" అని వారాల సంఖ్యతో, డెలివరీ తేదీతో రాయించండి.

లేబర్‌కాగితం

తగ్గదు. సెలవుకి ముందు మూడు నెలల్లో మీరు పనిచేసిన రోజుల సగటు మీదే లెక్క. అర్హతకి డెలివరీ ముందు 12 నెలల్లో 80 రోజుల పని చాలు, అది మీకు ఎప్పుడో దాటింది. కానీ ఇప్పుడు పోయే నెల జీతం మళ్లీ రాదు కాబట్టి, మీరుగా లాస్ ఆఫ్ పే దరఖాస్తు రాయకండి.

లెటరు రెండు కాపీలు, సర్టిఫికెట్ జతచేసి ఇవ్వండి. ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి. వేయనంటే అదే రోజు స్కాన్ చేసి హెచ్‌ఆర్‌కి మెయిల్, మేనేజరుకి కాపీ. సెప్టెంబరు 22 సెలవు నోటీసు వేరే కాగితం, దీంతో కలపొద్దు. అందులో డబ్బు ఎవరికి ఇవ్వాలో పేరు కూడా రాయాలి. కాన్పుకి ముందు రోజుల సొమ్ము ముందుగానే ఇవ్వాలి, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో.