అప్‌డేట్: 14 నెలలు సెల్లార్‌లో ఉంచిన కారు సంగతి

ఉద్యోగరీత్యా దోహా వెళ్తూ, పెట్రోలు కారును విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలా ఉంచాలని నిరుడు ఇక్కడ అడిగాను. గత వారం తిరిగి వచ్చాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నింటిలోకీ బాగా పనికివచ్చింది, హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు చెక్కదిమ్మెలు పెట్టమన్న సలహా. హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేసిన పక్కవారి కారుకు వెనుక బ్రేకులు తుప్పుతో డ్రమ్ములకు అతుక్కుపోగా, మా కారు న్యూట్రల్‌లో పెట్టి నెట్టగానే కదిలింది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి ఉంచినా, అన్ని నెలల్లో అది దానంతటదే దిగిపోయి, ఛార్జింగ్ పెట్టినా నిలవలేదు కనుక కొత్తది వేయించాను.

కారు స్టార్టయింది కానీ, డాష్‌బోర్డులో ఇంజన్ లోపాన్ని సూచించే హెచ్చరిక లైటు ఆరలేదు. ఆటోనగర్ మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల కొబ్బరిపీచు, కొరికిన కాగితాలతో ఎలుక గూడు కనిపించింది. పక్కనున్న సెన్సరు తీగ తొడుగు ఊడి రాగి మెరుస్తోంది. ఆ తీగ మార్చగానే లైటు ఆరిపోయింది. ఎలుకల సంగతి హెచ్చరించిన ఒక్కరి మాటనే నేను పట్టించుకోలేదు, అందుకు నిజంగా బాధపడుతున్నాను.

పెట్రోలు పాడవుతుందేమోనన్న నా భయం మాత్రం నిజం కాలేదు. ట్యాంకు నింపి ఉంచాను, ఇంజన్ సాఫీగానే నడుస్తోంది. బీమాను గడువు ముగియకముందే దోహానుంచే ఆన్‌లైన్‌లో పునరుద్ధరించుకున్నాను, ఎందుకంటే గడువు ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.